బీగం కూడా కదులుతుంది

(కర్నూలులో ఒక డిగ్రీ కళాశాలలో, బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఒక అధ్యాపకుడు విద్యార్థులకూ, వాళ్లతో వచ్చిన పెద్దలకూ చేసిన ప్రసంగ పాఠం)

కూర్చోండి నాయనా, కూర్చోండి. వెనక ఫ్యాన్ కింద ఉన్నవాళ్లు కునుకు తీస్తే నాకేం అభ్యంతరం లేదు. గురక మాత్రం పెట్టకండి, నా మాట నాకే వినపడదు.

ముప్పై ఏళ్ల పాటు నేను ఒకే ప్రశ్నకు ఒకే జవాబు దిద్దాను. "ఎంజైమ్ ఎలా పనిచేస్తుంది?" అని ప్రశ్న. "ఎంజైమ్ తాళంకప్ప వంటిది, సబ్‌స్ట్రేట్ తాళంచెవి వంటిది" అని జవాబు. పక్కన ఒక బొమ్మ. లడ్డూలో ముక్క కొరికినట్టు ఒక గుండ్రటి ఆకారం, ఆ గంటులో అచ్చంగా సరిపోయే ఇంకో ముక్క. రెండు మార్కులు. ఆ మార్కులు వేసింది నేనే కాబట్టి ఇవాళ చెప్పబోయే తప్పులో నాకూ వాటా ఉంది.

మాట విషయం ముందే తేల్చుకుందాం. ఎంజైమ్ అంటే ఒంట్లో రసాయన మార్పులను వేగంగా జరిపించే పదార్థం. సబ్‌స్ట్రేట్ అంటే ఎంజైమ్ దేని మీద పనిచేస్తుందో ఆ పదార్థం. తెలుగు పుస్తకాల్లో అధస్థ పదార్థం అని ఉంటుంది. నోరు తిరగని మాటను పట్టుకుని కుస్తీ పట్టడం నా వయసులో కుదరదు, సబ్‌స్ట్రేట్ అనే అంటాను. ఇక తాళం. మన సీమలో తాళం అని ఎవరంటారు? బీగం అంటాం. మా అవ్వ కొంగుకు కట్టుకున్నది బీగంచెవి.

ఈ బీగం పోలిక తెచ్చినవాడు ఎమిల్ ఫిషర్, జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1894లో. ఆయన చేసిన పని చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. రెండు పదార్థాలు తీసుకున్నాడు. రెంటిలోనూ ఉన్నది గ్లూకోజే. దానికి తగిలించిన చిన్న ముక్క కూడా ఒకటే. తేడా అల్లా, ఆ ముక్క ఒకదానిలో కిందికి తిరిగి ఉంది, రెండోదానిలో పక్కకు తిరిగి ఉంది. ఈస్ట్ రసంలోని ఎంజైమ్ మొదటిదాన్ని కోసింది, రెండోదాన్ని ముట్టుకోలేదు. చేదు బాదం గింజల నుంచి తీసిన ఎమల్సిన్ అనే ఎంజైమ్ సరిగ్గా తిరగేసి చేసింది. ఇంత చిన్న తేడాను పసిగట్టాలంటే బీగానికీ చెవికీ ఉన్నంత పొందిక ఉండాలి కదా అన్నాడు. అప్పటికి ఎంజైమ్ ఏ పదార్థంతో తయారైందో కూడా ఎవరికీ తెలియదు. 1926లో జేమ్స్ సమ్నర్ అనే ఆయన యూరియేజ్ అనే ఎంజైమ్‌ను స్ఫటికంగా తీసి, ఇదిగో ఇది ప్రోటీన్ అని చూపించాడు. ఏ గింజల నుంచి తీశాడంటే, మన చమ్మకాయకు దగ్గర చుట్టం ఒకటుంది, దాని గింజల నుంచి. పదిహేడేళ్లప్పుడు వేటలో గుండు తగిలి ఎడమ చెయ్యి పోయినవాడు ఆయన. అంతకుముందు ఎడమచేతి వాటం మనిషి. ఒంటి కుడిచేత్తో ప్రయోగశాలలో ఆ పని చేశాడు. సరే, అది వేరే కథ.

ఫిషర్ పోలిక అరవై ఏళ్లకు పైగా చక్రం తిప్పింది. ఎందుకంటే బాగుంది. పిల్లవాడికైనా అర్థమవుతుంది. ఏ చెవి పడుతుంది, ఏది పట్టదు అన్నదానికి జవాబు దొరికింది.

ఒక ఏడాది సెకండియర్ క్లాసులో ఒక అమ్మాయి లేచింది. బాగా చదివే పిల్ల కూడా కాదు, కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుండేది. "సార్, హెక్సోకైనేజ్ గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది అన్నారు కదా. గ్లూకోజ్ కొసన ఉండే ఓహెచ్‌కే కదా తగిలేది. నీళ్లలో కూడా ఓహెచ్ ఉంది కదా. పెద్ద చెవి పట్టే బీగంలో చిన్న పుల్ల దూరదా సార్?"

"రేపు చెప్తానమ్మా" అన్నాను. అయ్యవార్ల భాషలో రేపు అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఆ ప్రశ్న ఎంత గట్టిదో చూడండి. ఓహెచ్ అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జంట. హెక్సోకైనేజ్ మనం తిన్న అన్నం, సంకటి, రొట్టె అన్నీ గ్లూకోజ్ అయ్యాక దాన్ని మొట్టమొదట పట్టుకునే ఎంజైమ్. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తుంచి గ్లూకోజ్ కొసన తగిలిస్తుంది. ఏటీపీ అంటే మన ఒంటికి చేతిలో డబ్బు లాంటిది. దాన్ని కనిపెట్టిన ఇద్దరు ముగ్గురిలో మనవాడొకడున్నాడు, మరిచిపోకండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో తేల్చారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా తేల్చాడు.

రక్తంలో గ్లూకోజ్ ఎంత ఉంటుంది? లీటరుకు సుమారు 5 మిల్లీమోల్స్. నీళ్లు? లీటరుకు 55 మోల్స్. భాగిస్తే ఒక్కో గ్లూకోజ్ అణువుకు 11 వేల నీటి అణువులు. రసాయనం ప్రకారం చూస్తే గ్లూకోజ్ కొసన ఉన్న ఓహెచ్‌కూ నీటి ఓహెచ్‌కూ పెద్ద తేడా లేదు. గ్లూకోజ్ పట్టేంత గంటులో నీరు సులువుగా పడుతుంది. ఇంకా చోటు మిగులుతుంది. బీగం గట్టిగా, కదలకుండా ఉంటే, ఆ ఏటీపీ అంతా నీళ్లపాలు కావాలి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే నీళ్ల పాలు. కానీ కొలిచి చూస్తే ఈ ఎంజైమ్ నీటికి ఫాస్ఫేట్ ఇచ్చే వేగం, గ్లూకోజ్‌కి ఇచ్చే వేగంలో 40 వేలో వంతు మాత్రమే.

ఇదే ప్రశ్న 1958లో డేనియల్ కోష్‌లాండ్ వేశాడు. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఉండేవాడప్పుడు. పెద్ద చెవి పట్టదు అనడానికి బీగం పోలిక చాలు, చిన్నది ఎందుకు పనిచేయదు అనడానికి చాలదు అన్నాడు. ఆయన చెప్పిన మార్గం ఇది. సబ్‌స్ట్రేట్ వచ్చి చేరినప్పుడు ఎంజైమ్ ఆకారం మారుతుంది. అలా మారితేనే ఎంజైమ్‌లో పనిచేసే పరమాణువుల గుంపులన్నీ ఉండాల్సిన చోటికి వస్తాయి. నీరు వచ్చి కూర్చుంటుంది, నిజమే. కానీ ఎంజైమ్‌ను కదిలించేంత పట్టు దానికి లేదు. దీనికి ఇండ్యూస్డ్ ఫిట్ అని పేరు. చెయ్యి దూరితేనే చేతి తొడుగుకు చెయ్యి ఆకారం వచ్చినట్టు అని ఆయన పోలిక. మనకు చేతి తొడుగులు ఎక్కడివి, మే నెలలో కర్నూల్లో? (నవ్వులు)

నాకు ఇంకో పోలిక తోచింది. అసలు ఆ బీగం అన్న మాటకు ఇంగ్లీషులో ఉన్న ఇంకో అర్థం వల్ల తోచింది. మా ఊరు కేసీ కాలువ గట్టున. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా పోయే కాలువ. 1860లలో తవ్వినప్పుడు పొలాలకు నీళ్లే కాదు, పడవలూ నడవాలని తవ్వారు. మిట్ట మీది నీటి నుంచి పల్లపు నీటిలోకి పడవ దిగాలంటే లాకు ఉండాలి. ఇంగ్లీషులో బీగమూ లాకే, ఇదీ లాకే. పడవ రెండు తలుపుల మధ్యకు వస్తుంది. వెనక తలుపు మూస్తారు. అప్పుడు గానీ ముందుది తీయరు. వెనకది మూయకుండా ముందుది తీస్తే ఏమవుతుందో కాలువ గట్టున పుట్టిన ఏ పిల్లవాడైనా చెప్తాడు.

హెక్సోకైనేజ్ ఆ లాకు. దాని ఒంట్లో రెండు పెద్ద తమ్మెలు, మధ్యలో లోతైన చీలిక. గ్లూకోజ్ ఆ చీలికలోకి వచ్చి అడుగున కూర్చుంటుంది. కూర్చున్నాక రెండు తమ్మెలూ దగ్గరికి వచ్చి మూసుకుంటాయి. అంతవరకూ అక్కడ కదలాడుతున్న నీళ్లు బయటికి పోతాయి. తలుపు పడ్డాక ఫాస్ఫేట్ చేతులు మారుతుంది. అమ్మాయి ప్రశ్నకు జవాబు అదీ. పుల్ల దూరుతుంది, కానీ పుల్లకు తలుపు మూసే బలం లేదు.

ఇదంతా 1958లో ఊహే. కళ్లారా చూసింది 1978లో. థామస్ స్టైట్జ్, బెన్నెట్ అని ఇద్దరు ఈస్ట్ హెక్సోకైనేజ్ స్ఫటికాల మీద ఎక్స్ కిరణాలు పంపి గ్లూకోజ్ ఉన్నప్పుడూ, లేనప్పుడూ పోల్చారు. ఒక తమ్మె రెండోదాని వైపు 12 డిగ్రీలు తిరిగింది. కొన్ని చోట్ల ప్రోటీన్ గొలుసు 8 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా జరిగింది. ఒక సెంటీమీటర్‌ను 10 కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆంగ్‌స్ట్రామ్. ఎనిమిదేగా అనుకోవద్దు. రెండు కార్బన్ పరమాణువుల మధ్య దూరం ఒకటిన్నర. ఆ లోకంలో ఎనిమిది అంటే ఇంటి ముందరి గోడ వీధి దాటి వచ్చినట్టు. ఈ స్టైట్జ్ గారే తర్వాత, కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ మీద పనికి 2009లో మన వెంకీ రామకృష్ణన్, అడా యోనత్‌లతో కలిసి నోబెల్ పంచుకున్నాడు.

ఇంకో ప్రయోగం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టం. జైలోజ్ అని ఒక చక్కెర. గ్లూకోజ్ లాగే ఉంటుంది, కొసన ఉండే ఆ కార్బన్, దాని ఓహెచ్ ఉండవు. తోక తెగిన గ్లూకోజ్ అనుకోండి. దాన్ని హెక్సోకైనేజ్‌కి ఇచ్చారు. ఫాస్ఫేట్ అందుకునే తోకే లేదు కాబట్టి ఏమీ జరగకూడదు. కానీ ఏటీపీ విరగడం మొదలైంది, మామూలు కన్నా చాలా వేగంగా! ఏం జరిగిందంటే, జైలోజ్ వచ్చి కూర్చుంది, ఎంజైమ్ "వచ్చింది" అనుకుని మూసుకుంది. తోక ఉండాల్సిన ఖాళీలో ఒక నీటి అణువు చిక్కుకుపోయింది. ఫాస్ఫేట్ దానికి తగిలింది. చూశారా, నీటికి ఆ పని చేతకాక కాదు ఇన్నాళ్లూ జరగనిది. తలుపు మూసేవాడు లేక. ఎవరో మూసిపెట్టగానే నీరూ గ్లూకోజ్ పాత్ర వేసేసింది.

ఇప్పటిదాకా ఎంజైమ్ కదలడం గురించే చెప్పాను. సబ్‌స్ట్రేట్ మాత్రం కొత్త పెళ్లికొడుకులా కదలకుండా కూర్చుంటుందా? లేదు. దానికే ఎక్కువ వంకరలు పడతాయి.

ఇది చెప్పడానికి గాజుల మలారం తెరవాలి. మా ఊరికి నెలకోసారి గాజులామె వచ్చేది. మా అవ్వ, మా అమ్మ, పిన్నమ్మలు అరుగు మీద వరసగా కూర్చునేవాళ్లు. గాజు అంటే గాజే కదా, సాగదు. మణికట్టు దగ్గర వదులుగానే ఉంటుంది, వేళ్ల కొసల దగ్గరా వదులుగానే ఉంటుంది. కష్టమంతా మధ్యలో, బొటనవేలి మొదలు దగ్గర, మెటికల దగ్గర. ఆ గాజులామె చెయ్యి పట్టుకుని, బొటనవేలు అరచేతిలోకి మడిచి, మెటికలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా నొక్కేది. "మెత్తగా పెట్టుకో తల్లీ, బిగబట్టొద్దు" అనేది. ఒక్క క్షణం చెయ్యి చెయ్యిలా ఉండదు, పొట్లంలా ఉంటుంది. ఆ క్షణంలో గాజు జారిపోయేది. అదే గాజు నేను ఎక్కించబోతే పుటుక్కున పగిలేది, తిట్లు పడేవి.

ఇందులో గాజు ఏది, చెయ్యి ఏది అని పరీక్షలో అడిగినట్టు అడగొద్దు. నేను చూడమంటున్నది గాజులామె చేతులను. ఆమె పట్టు దేనికి సరిపోయేలా ఉంది? విప్పారిన చేతికి కాదు. గాజులు వేసుకున్న చేతికీ కాదు. మధ్యలో ఒక్క క్షణం ఉండే ఆ పొట్లం లాంటి చేతికి. రసాయన చర్యలో ఆ మెటికల దగ్గరి ఇరుకు ఉన్నట్టే, పాత బంధం సగం తెగి కొత్త బంధం సగం కుదిరిన ఒక గడ్డు దశ ఉంటుంది. దాని పేరు పరివర్తన స్థితి, ట్రాన్సిషన్ స్టేట్. మన ఎంజైమ్ గట్టిగా పట్టుకునేది దాన్ని.

ఈ ఆలోచన మొదట కదిపింది బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1930లో ఎంజైముల మీద రాస్తూ, ఫిషర్ పోలికనే తీసుకుని, చెవి బీగంలో పూర్తిగా సరిపోదు, కాస్త ఒత్తిడి పడుతుంది అన్నాడు. కోష్‌లాండ్ కన్నా 28 ఏళ్ల ముందు. ఈ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు, భారత పౌరుడయ్యాడు, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన ఊహను 1940లలో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ సూటిగా చెప్పాడు. ఎంజైమ్ ఆకారం సబ్‌స్ట్రేట్‌కి కాదు, ఆ పరివర్తన స్థితికి పొందికగా ఉంటుంది అని.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మనం రెండు మార్కుల కోసం గీసిన బొమ్మలో గంటు, ముక్క అచ్చంగా సరిపోతాయి. నిజంగా అంత బాగా సరిపోతే ఏమవుతుంది? సబ్‌స్ట్రేట్ అక్కడే హాయిగా కూర్చుంటుంది. మారాల్సిన అవసరమేముంది దానికి? మెత్తటి పరుపు మీద పడుకున్నవాణ్ణి లేపడం ఎంత కష్టం! మా బొమ్మలో ఉన్నది పనిచేసే ఎంజైమ్ కాదు నాయనా, ఇరుక్కుపోయిన ఎంజైమ్. ముప్పై ఏళ్లు దానికి మార్కులు వేశాను.

చక్కెర వంగడం కంటికి కనిపించిన మొదటి ఎంజైమ్ లైసోజైమ్. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టాడు, పెన్సిలిన్ కన్నా ముందే. కన్నీళ్లలో, చీమిడిలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది. బ్యాక్టీరియా గోడలోని చక్కెర గొలుసులను కోస్తుంది. 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం దాని ఆకారం తేల్చింది. ఎక్స్ కిరణాలతో ఇలా పూర్తిగా చూసిన తొలి ఎంజైమ్ అదే. దాని చీలికలో ఆరు చక్కెర ఉంగరాలు వరసగా పడతాయి. మామూలుగా చక్కెర ఉంగరం కుర్చీలా ఉంటుంది, వీపు ఒకవైపు లేచి, కాళ్ల వైపు దిగి. నాలుగో గదిలోకి వచ్చే ఉంగరం మాత్రం కుర్చీలా కూర్చోలేదు. ఒక కొస అణిగి చదునవ్వాలి. గొలుసు తెగేది సరిగ్గా ఆ ఉంగరం దగ్గరే. తర్వాతి పరిశోధనలు కోత ఎలా జరుగుతుందన్న వివరాలను మార్చాయి గానీ, ఆ ఉంగరం వంగుతుందన్న మాట నిలబడింది.

మరి ప్రోటీన్ ఇలా కదులుతుంటే మొదట అందరూ గట్టిదని ఎందుకనుకున్నారు? స్ఫటికాల బొమ్మల వల్ల కొంత. పెళ్లి ఫొటో చూసి, ఆ చుట్టాలంతా ఎప్పుడూ ఊపిరి బిగబట్టి బారుగా నిలబడే ఉంటారనుకుంటే ఎలా ఉంటుంది? ప్రోటీన్ బేతంచెర్ల బండ కాదు. అమైనో ఆమ్లాల గొలుసు, బలహీనమైన బంధాలతో ముడుచుకుని ఉంటుంది. ఆ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో, ఏవి కుదరవో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు లెక్కగట్టారు. ప్రపంచంలో ఏ మూల ప్రోటీన్ ఆకారం తేల్చినా ఈ రోజుకీ రామచంద్రన్ పటంలో పెట్టి చూసుకుంటారు.

ఇక్కడో పెద్ద తగువు ఉంది, ఇంకా పూర్తిగా తీరలేదు. ఎవరు ముందు కదిలారు? సబ్‌స్ట్రేట్ వచ్చి చేరాక ఎంజైమ్ మూసుకుందా? లేక ఎంజైమ్ దానంతట అదే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, తనకు నచ్చిన ఆకారంలో ఉన్నప్పుడు సబ్‌స్ట్రేట్ పట్టుకుందా? గాలికి ఊగే తలుపుంది. పిల్లి దూరింది. తోసుకుని దూరిందా, తెరుచుకున్నప్పుడు చూసి దూరిందా? లోపలున్న పిల్లిని చూసి చెప్పలేం. అడినైలేట్ కైనేజ్ అనే ఎంజైమ్ సబ్‌స్ట్రేట్ లేకుండానే మూతపడుతూ తెరుచుకుంటూ ఉంటుందని కొలిచి చూపించారు. కాబట్టి రెండో మాటకూ బలముంది. హెక్సోకైనేజ్ లాంటి వాటిలో చీలిక పూర్తిగా మూసుకున్నాక గ్లూకోజ్ దూరడానికి దారే ఉండదు, అక్కడ మొదటి మాట నమ్మక తప్పదు. చాలా ఎంజైముల్లో రెండూ కలిసే ఉంటాయని నా నమ్మకం. కొంచెం వేచి, కొంచెం తోసి.

ఇందులో మందుల సంగతి కూడా ఉంది. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు ఇమాటినిబ్ అనే బిళ్ల వాడతారు, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఏబుల్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. సార్క్ అని దానికి అన్నదమ్ముడి లాంటిది ఇంకోటుంది, దాన్ని సరిగా పట్టుకోదు. పనిలో ఉన్నప్పుడు రెండూ ఒకే తీరు. తీరిగ్గా ఉన్నప్పుడే తేడా కనిపిస్తుంది, ఆఫీసులో అందరూ ఒకేలా ఉండి ఇంటికెళ్లాక అసలు మనిషి బయటపడినట్టు. మందు ఆ తీరిక ఆకారాన్నే పట్టుకుంటుంది. కథ అంతే అనుకున్నారు చాలా కాలం. 2014లో డొరోతీ కెర్న్ బృందం ఒక్కో అడుగూ కొలిచి చూస్తే, మందు చేరాక ఏబుల్ నెమ్మదిగా ఇంకాస్త బిగుసుకుంటోంది, సార్క్ అంతగా బిగుసుకోవడం లేదు. మళ్లీ మన కోష్‌లాండ్ గుమ్మంలోకే వచ్చాం.

ఇక్కడ కూర్చున్న పెద్దల్లో షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తొద్దు, టీలో చక్కెర వద్దన్నవాళ్లను నేను ఇందాకే లెక్కపెట్టాను. (నవ్వులు) మీకోసం ఒక మాట. మెదడులో, కండరాల్లో ఉండే హెక్సోకైనేజ్ ఆకలి మీదున్న మనిషి లాంటిది. గ్లూకోజ్ ఎంత తక్కువ ఉన్నా పట్టేస్తుంది. కాలేయంలో, క్లోమంలో మాత్రం దాని చుట్టం ఒకటుంటుంది, గ్లూకోకైనేజ్. అది తొందరపడదు. సుమారు 8 మిల్లీమోల్స్ గ్లూకోజ్ ఉంటే గానీ సగం వేగం అందుకోదు. మీ రిపోర్టు లెక్కలో 144 అన్నమాట. క్లోమం రక్తంలో చక్కెర ఎంతుందో పసిగట్టేది దీనితోనే. ఇది ఇలా ఎందుకుందంటే, ఆకారం మారడంలో నిదానం. గ్లూకోజ్ లేనప్పుడు దీని చీలిక మామూలు కన్నా చాలా వెడల్పుగా, వదులుగా తెరుచుకుని ఉంటుంది. గ్లూకోజ్ వచ్చాక మూసుకుంటుంది, పని ముగిశాక మళ్లీ ఆ వదులు ఆకారానికి మెల్లగా పోతుంది. చక్కెర తక్కువుంటే పూర్తిగా వదులైపోయేంత తీరిక దొరుకుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. చక్కెర ఎక్కువుంటే వదులయ్యేలోపే ఇంకో గ్లూకోజ్ వచ్చి పడుతుంది, వేగం పెరుగుతుంది. అంటే ఇందాక ఎవరో వచ్చి వెళ్లారన్న గుర్తు కాసేపు దాని ఒంట్లో ఉంటుంది. ఈ జన్యువులో మార్పు వచ్చిన కుటుంబాల్లో పుట్టినప్పటి నుంచే షుగర్ కాస్త ఎక్కువగా ఉంటుంది. ఎక్కువ ముదరదు, కానీ ఉంటుంది. ఒక తలుపు మూసుకునే తీరులో తేడా, అంతే.

టైమైపోయిందని మీ సార్ సైగ చేస్తున్నారు. భోజనాలు చల్లారతాయి. ఒకటి రెండు ప్రశ్నలుంటే అడగండి. అదిగో ఆ అమ్మ చెయ్యెత్తింది, మైకు ఇవ్వండి నాయనా. మైకు అక్కర్లేదా? సరే, గట్టిగా చెప్పమ్మా.

"గాజులు ఎక్కించేది చెప్తిరి సార్. తీసేటప్పుడు చూడాల. ఎక్కించేదానికన్నా తీసేదే కష్టం."

అమ్మా, నువ్వు ఇక్కడ పాఠం చెప్పాల్సింది! మేం చాలాసేపు పట్టించుకోని సంగతే అది. ఎంజైమ్ పని చేసేశాక, తయారైన దాన్ని వదిలిపెట్టాలి కదా. వదిలితేనే ఇంకోటి పట్టుకునేది. చాలా ఎంజైముల్లో అన్నిటికన్నా నిదానంగా జరిగేది ఈ వదలడమే. ఇందాక చెప్పిన అడినైలేట్ కైనేజ్‌లో మూత తెరుచుకోవడమే ఆలస్యం. ఇంకోటుంది, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లం మీద చేసిన పని నుంచి వచ్చిన క్యాన్సర్ మందులున్నాయే, మెథోట్రెక్సేట్ వరసవి, అవి పోయి ఇరుక్కునేది దీంట్లోనే. మన పేగుల్లోని ఈకొలై బ్యాక్టీరియాలో ఈ ఎంజైమ్‌ను 1987లో కొలిచారు. అసలు రసాయన మార్పు క్షణంలో అయిపోతుంది. తయారైన సరుకును వదలడం సెకనుకు పన్నెండు సార్ల దగ్గరే ఆగిపోతుంది. అదీ ఒంటరిగా వదలదు. తర్వాతి విడతకు సాయం చేసే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు వచ్చి పక్కన చేరితేనే, ఆ కదలికకు, లోపలున్నది జారి బయటపడుతుంది.

మీ ఊళ్లో గాజులు తీసేటప్పుడు ఏం చేస్తారమ్మా? సబ్బు నీళ్లా? మా అవ్వ ఆముదం రాసేది.